తూర్పు గాలి బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది

పదకొండుంబావుకి రావాల్సిన గాలి పన్నెండు దాటినా రాలేదు.

గంగరేవు గాలి కాంప్లెక్స్‌లో అప్పలకొండ కిటికీ ముందు జనం మూగిపోయారు. ఎండుచేపల గంపలవాళ్ళు, తడిబట్టల మూటలవాళ్ళు, ఉప్పుమళ్ళ కూలీలు అందరిదీ ఒకటే గొడవ. "ఏటండీ, మా గాలేదీ? రోజూ ఇంతేనా?"

అప్పలకొండ ఇరవై ఎనిమిదేళ్ళు ఇదే హాల్లో, ఇదే కిటికీలో, ఇదే మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు చెప్పినవాడు. బస్సులు తమ సంగతి తామే చెప్పుకోవడం నేర్చాక బస్టాండు మూతపడింది. ఆ కట్టడంలోకే గాలి కేంద్రం వచ్చింది. పేరు ఏదో పొడుగ్గా పెట్టారు గానీ, జనానికి అది ఎప్పటిలాగే కాంప్లెక్స్. అతని ఉద్యోగం మారింది, కిటికీ ముందు అడిగే ప్రశ్న మారలేదు. కాబట్టి జవాబు మార్చాల్సిన అవసరమూ అతనికి కనపడలేదు.

"వస్తోందండీ. దారిలో ఉంది."

గుంపులోంచి అప్పడాల వరహాలమ్మ మెడ సాచింది. ఏళ్ళ తరబడి సాలూరు నుంచి ఈ బస్టాండుకి వచ్చిపోతూ, ఈ మధ్యే గంగరేవులో కాపురం పెట్టిన మనిషి. అప్పడాలు ఆరబెట్టుకోవడానికి గాలి ఏ పక్కనుంచి కొడుతుందో తెలిస్తే గోనెపట్టా ఆ పక్కన కట్టుకుంటుంది.

"బాబూ, బోర్డు మీద తూర్పు గాలని రాసుంది. అంటే తూర్పుకి పోయేదేనా?"

హాలంతా గొల్లుమంది. అప్పలకొండ కూడా నవ్వేశాడు.

"పోయేది కాదు మామ్మా, తూర్పు నుంచి వచ్చేది. మా అయ్య తండేలు. ముప్పైమందిని వెంటేసుకుని సముద్రం మీదకి పోయేవోడు. గాలిని పుట్టింటి పేరుతోనే పిలవాలనేవోడు. గాలికి పుట్టింటి పేరు, బస్సుకి అత్తింటి పేరు. అంతే తేడా."

"ఏటో బాబూ," అంది వరహాలమ్మ, ఏమాత్రం ఒప్పుకోకుండా. "ఇన్నాళ్ళూ ఈ కిటికీలోంచి నువ్వు సాలూరు బండి అంటే సాలూరు పోయే బండే ఎక్కాను. ఒక్కసారైనా తప్పు దిగలేదు."

మళ్ళీ నవ్వులు. ఆ నవ్వుల మధ్య బల్లమీది రేడియో గరగరలాడింది.

"కాంప్లెక్స్, కాంప్లెక్స్! మా నాన్న మేలుకునే ఉన్నాడా?"

అది పైడితల్లి గొంతు. అప్పలకొండకి ఒక్కగానొక్క కూతురు. ఇరవై నాలుగేళ్ళకే 'చిట్టిగువ్వ' అనే పడవకి తండేలు. నీళ్ళు చూస్తేనే కడుపులో తిప్పి బస్టాండుకి పారిపోయిన తండ్రికి, ఒడ్డున నిలబడితేనే ఊపిరాడని కూతురు పుట్టింది.

"డ్యూటీలో ఉన్నానమ్మా. మర్యాదగా మాట్లాడు."

"మర్యాదగానే అడుగుతున్నాను సారూ. పదకొండుంబావు గాలే ఇంత లేటయితే, మమ్మల్ని ఇంటికి తెచ్చే మూడున్నర గాలి ఎప్పుడొస్తాదో చెప్తారా? అన్నం మూట అయిపోయింది. నా పడవలో వాళ్ళు నన్నే తినేలా ఉన్నారు."

"వస్తోందమ్మా. దారిలో..."

"ఉంది! నాకు తెలుసు!" అని కిసుక్కున నవ్వి రేడియో కట్టేసింది.

నవ్వింది గానీ, అది నవ్వులాట కాదని అప్పలకొండకి తెలుసు. గంగరేవు పడవలకి ఇప్పుడు ఇంజన్లు లేవు. పొద్దున ఎండెక్కగానే ఏడింటికి పడమటి గాలి సముద్రం మీదకి తోసుకుపోతుంది, మూడున్నరకి తూర్పు గాలి ఒడ్డుకి తోసుకొస్తుంది. గడియారం పెట్టుకోవచ్చు. ఇలాంటి గాలి ఇంటిముందు నిలబడితే డీజిల్ ఎవడు కొంటాడు? ఒక్కొక్కరే ఇంజన్లు ఊడదీసి అమ్మేసుకున్నారు. ఇప్పుడు నలభై రెండు పడవలు, మూడొందలమంది మనుషులు సాయంత్రం ఇంటికి రావాలంటే ఆ మూడున్నర గాలి రావాల్సిందే.

*

గాలి ఎందుకు లేటయిందో చెప్పడానికి డాక్టర్ ముక్తేశ్వరి స్వయంగా మేడమీంచి దిగొచ్చింది. గాలి యంత్రాన్ని కట్టింది ఆవిడే. మనిషి నెమ్మది. మాట ఇంకా నెమ్మది. అప్పలకొండ తెప్పించిన టీ తీసుకుని అతని పక్క స్టూలు మీద కూర్చుంది.

"పైన మా ఆపరేటర్ ఒక్కో గాలికి రెండొందల పద్నాలుగు బటన్లు నొక్కాలి. ఒకటి తప్పితే మళ్ళీ మొదటినుంచి. రేపటినుంచి ఆ బాధ లేదులెండి."

"మేడంగారూ, తప్పుగా అనుకోకపోతే ఒక మాట. మూడేళ్ళ నుంచి గాలిని అనౌన్స్ చేస్తున్నాను గానీ, అది అసలు ఎక్కడ బయల్దేరుతుందో నాకు తెలీదు. బస్సయితే డిపో ఉంటుంది."

ఆవిడ టీ గ్లాసు పైకెత్తి ఆవిరి చూపించింది. "ఇదిగో ఇదే. వేడెక్కింది పైకి లేస్తుంది. భూమి నడుము చుట్టూ ఈక్వేటర్ ఉంది కదా, అక్కడ ఎండ నడినెత్తిన పడుతుంది. అక్కడి గాలి వేడెక్కి, తేలికై, పదిహేను కిలోమీటర్ల ఎత్తుకి లేస్తుంది. ఇంక పైకి దారి లేక ఉత్తరానికి కొంత, దక్షిణానికి కొంత మళ్ళుతుంది. పోతూ పోతూ చల్లబడి బరువెక్కుతుంది. ధ్రువం దాకా పోవాలనుకుంటుంది గానీ, మూడోవంతు దారిలోనే కిందకి దిగిపోతుంది. దిగినచోటల్లా చాలావరకు ఎడారులే. ఆ దిగిన గాలే నేలబారుగా మళ్ళీ ఈక్వేటర్ వైపు వస్తుంది."

అప్పలకొండ వేలితో గాల్లో చక్రం గీశాడు. "అంటే సర్క్యులర్ సర్వీసన్నమాట. డబుల్ డెక్కర్. పై అంతస్తు పోతుంటుంది, కింది అంతస్తు వస్తుంటుంది."

"నేను నాలుగేళ్ళు చదివింది మీరు నాలుగు ముక్కల్లో చెప్పేశారు. ధ్రువాలవైపు ఇలాంటి చక్రాలు ఇంకో రెండేసి ఉన్నాయి. అవి వేరే డిపోలనుకోండి."

"మరైతే మన వైపు గాలి తిన్నగా ఉత్తరం నుంచి దక్షిణానికి రావాలి గదండీ? చలికాలంలో ఈశాన్యం నుంచి ఏటవాలుగా వస్తాదేటి?"

"బస్సు తిన్నగానే నడుస్తోంది. కింద రోడ్డే తిరిగిపోతోంది. భూమి ఆగదు కదా. అందుకని ఈక్వేటర్‌కి ఇటుపక్క ఏ గాలైనా తన కుడిచేతి వైపుకి వంగుతుంది. అటుపక్క ఎడమచేతి వైపుకి. వేసవిలో ఎండ బలం మన వైపు జరిగినప్పుడు, దక్షిణం నుంచి వచ్చే గాలి ఈక్వేటర్ దాటి మన హద్దులోకి వచ్చి, కుడికి తిరిగి, నైరుతి నుంచి వాన తెస్తుంది."

"సరిహద్దు దాటగానే డ్రైవరు స్టీరింగు కుడికి కోసేస్తాడు! బావుంది. మరి మన నల్లపీట?"

నల్లపీట అంటే ఒడ్డుకి యాభై కిలోమీటర్ల దూరంలో సముద్రం మీద పరిచిన లక్షల ప్యానెళ్ళ చాప. ఒక ఊరంత కాదు, ఒక తాలూకా అంత. ఆజ్ఞ ఇస్తే నల్లబడుతుంది, ఆజ్ఞ ఇస్తే తెల్లబడుతుంది. నల్లబడితే ఎండని తాగి పైనున్న గాలిని కాలుస్తుంది. ఆ గాలి లేస్తుంది, అక్కడ ఖాళీ ఏర్పడుతుంది, ఆ ఖాళీలోకి ఒడ్డుమీది గాలి పరిగెడుతుంది. అదే పడమటి గాలి. తెల్లబడితే సముద్రం చల్లబడుతుంది. నేల వేడిది నేలకి ఉంటుంది కాబట్టి గాలి ఇటు పరిగెడుతుంది. అది తూర్పు గాలి.

"నల్లపీట ఒక దొంగ ఈక్వేటర్ అనుకోండి," అంది ముక్తేశ్వరి. తర్వాత గొంతు తగ్గించింది. "ఆ పెద్ద చక్రం ముందు మనదెంత? నిద్రపోతున్న ఏనుగు తోక పట్టుకుని మనం ఈగలు తోలుకుంటున్నాం. అది లేవనంతసేపూ హాయిగానే ఉంటుంది."

ఎందుకో ఆ మాటకి ఇద్దరూ ఒకేసారి కిటికీలోంచి సముద్రం వైపు చూశారు. పైన ఒక్క పక్షి లేదు. గాలికి టైంటేబుల్ వచ్చాక పక్షులు గంగరేవు రావడం మానేశాయి. ఈ సంగతి ఏ రిపోర్టులోనూ రాయలేదు, ఎందుకంటే ఏ రిపోర్టూ అడగలేదు.

"అన్నట్టు," అంది ఆవిడ లేస్తూ, "రేపటినుంచి బటన్లు ఉండవు. యంత్రం మాట వింటుంది. మీ మాట! మా సాఫ్ట్‌వేర్ పిల్లలు దానికి తెలుగు నేర్పడానికి వెతికి వెతికి, ఈ బస్టాండు స్టోర్‌రూంలో మీ ఇరవై ఎనిమిదేళ్ళ అనౌన్స్‌మెంట్ల రికార్డులు పట్టుకున్నారు. ఊళ్ళు, వేళలు, ముందూ వెనకా. అంత స్పష్టమైన తెలుగు ఇంకెక్కడా దొరకలేదన్నారు. అది మీ గొంతుతోనే జవాబు కూడా చెబుతుంది."

ఆ సాయంత్రం అప్పలకొండ ఇంటికి నడుచుకుంటూ వెళ్ళలేదు. నేలకి జానెడెత్తున వెళ్ళాడు. కూతురు కూడా ఏడిపించకుండా వదల్లేదు. "ఇప్పటిదాకా ఇంట్లో ఒక్క అప్పలకొండతోనే వేగలేకపోతున్నాం. ఇక ఆకాశంలో ఇంకొకడా!"

*

మర్నాడు ప్రారంభోత్సవం. మేజోళ్ళు వేసుకున్న పెద్దలు ముందు వరసలో, మేజోళ్ళు లేని జనం వెనక. పాత బటన్ల బోర్డుని వైర్లతో సహా ఊడదీసి, హాలు మధ్య అద్దాలపెట్టెలో పెట్టి, దండ వేశారు. బతికుండగా ఒక యంత్రానికి దండ వేస్తే బావుండదని అప్పలకొండకి అనిపించింది. పైకి అనలేదు.

సరిగ్గా మూడున్నరకి మైకు సవరించుకున్నాడు.

"తూర్పు గాలి. మామూలు వేగం."

ఆ తర్వాత హాలు నలుమూలల స్పీకర్లలోంచి అతని గొంతే, ఇరవై ఏళ్ళు చిన్నదై, దగ్గూ జలుబూ లేకుండా పలికింది.

"ప్రయాణికులకు గమనిక. తూర్పు గాలి బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది."

చప్పట్లు మోగాయి. అప్పలకొండ కళ్ళు చెమ్మగిల్లాయి. తెర మీద నల్లపీట బొమ్మ కనిపించింది. తెల్లబడాల్సిన పీట, ఒక మూలనుంచి సిరా ఒలికినట్టు నల్లబడడం మొదలుపెట్టింది. చప్పట్ల హడావుడిలో ఎవరూ అటు చూడలేదు.

పది నిమిషాలకి మేడమీది జెండా లేచింది. ఒడ్డు వైపు ఎగరాల్సిన జెండా సముద్రం వైపు ఎగిరింది.

"కాంప్లెక్స్! నాన్నా!" రేడియోలో పైడితల్లి. గొంతులో ఇంకా కొంటెతనం ఉంది. "ఇదేటి ఈ గాలి? మా ఇల్లు అటుపక్క. మర్చిపోయావా?"

"సర్దుకుంటాదమ్మా. కొత్త కదా," అని అప్పలకొండ మైకులోకి ఒంగాడు. "తూర్పు గాలి. కొంచెం గట్టిగా."

"తూర్పు గాలి వేగము పెంచబడినది," అంది అతని కుర్ర గొంతు, వినయంగా.

జెండా చిటపటలాడింది. కిటికీ తలుపులు వాటంతటవే సముద్రం వైపు తెరుచుకుని టపటపా కొట్టుకున్నాయి. ముందు వరసలో పెద్దల కండువాలు ఎగిరాయి. ముక్తేశ్వరి కంప్యూటర్ల మధ్య పరిగెత్తింది. సెన్సర్లు చూసింది, ప్రెషర్ చూసింది, ఉపగ్రహం లింకు చూసింది. అన్నీ బాగానే ఉన్నాయి. తెరమీద ఒకటే వాక్యం. ఆజ్ఞ నెరవేరుతోంది. ఆజ్ఞ నెరవేరుతోంది.

"నాన్నా." ఈసారి కొంటెతనం లేదు. "తెరచాపలు దించీసాం. అయినా జరుగుతూనే ఉన్నాం. లంగరు అందట్లేదు, లోతు ఎక్కువ. పీట మీద మబ్బు లేస్తోంది నాన్నా. స్తంభంలాగ. నిట్టనిలువునా. అన్ని పడవలూ దానిలోకే పోతున్నాయి."

కిటికీలోంచి ఒడ్డునున్నవాళ్ళకీ కనపడింది. యాభై కిలోమీటర్ల అవతల, ఎండలో, ఒకే ఒక్క మబ్బు. అడుగు నల్లగా, తల తెల్లగా. చూస్తుండగానే పెరుగుతోంది. కడుపులో మెరుపు వెలిగి ఆరుతోంది. చప్పుడు మాత్రం లేదు.

"తూర్పు గాలి! తూర్పు గాలి!" అని అరిచాడు అప్పలకొండ.

"తూర్పు గాలి వేగము పెంచబడినది."

హాల్లోకి పడవల ఆడవాళ్ళు తోసుకొచ్చారు. ఎవరో ఏడుస్తున్నారు, ఎవరో అతని చొక్కా పట్టుకున్నారు. ఆ గలాటాలో, గోడవార అప్పడాల తట్ట పెట్టుకుని కూర్చున్న వరహాలమ్మ పక్కావిడతో అంటున్న మాట అప్పలకొండ చెవిన పడింది.

"తూర్పు బండి తూర్పుకి పోక ఎక్కడికి పోద్దమ్మా? ఆ గొంతు ఇన్నేళ్ళూ అలాగే చెప్పింది."

అప్పలకొండ మైకు వదిలేశాడు. సాలూరు బండి. పలాస బండి. బొబ్బిలి బండి. ఇరవై ఎనిమిదేళ్ళు. రోజుకి నాలుగొందలసార్లు. ఒక్కసారి కూడా వచ్చిన ఊరి పేరు చెప్పలేదు. పోయే ఊరి పేరే చెప్పాడు. యంత్రానికి తెలుగంటే అదే. దానికి సముద్రం తెలీదు, తండేలు తెలీదు, పుట్టిల్లు తెలీదు. దానికి బస్టాండు ఒక్కటే తెలుసు.

"మేడంగారూ! అది నా మాటే వింటోందండీ. నేను చెప్పినట్టే చేస్తోంది!" అని మైకు అందుకున్నాడు. "పడమటి..."

నోరు మూయడానికి పది చేతులు వచ్చాయి. "వద్దురా! పడమటి గాలంటే మావోళ్ళని ఇంకా లోపలికి తోసీదే! పిచ్చెక్కిందా నీకు?" ఒకామె అతని చేతిమీద గట్టిగా కరిచింది. అవును మరి. అక్కడున్న ప్రతి మనిషికీ పుట్టినప్పటినుంచీ ఆ మాటకి ఒకటే అర్థం.

అప్పలకొండ ముక్తేశ్వరి వైపు చూశాడు. "నా బిడ్డ కూడా అక్కడే ఉంది మేడంగారూ."

ఆవిడ ఒక్క నిమిషం కళ్ళు మూసుకుంది. లెక్క వేసుకుందో, దణ్ణం పెట్టుకుందో తెలీదు. "వదలండి ఆయన్ని," అంది.

"పడమటి గాలి," అన్నాడు అప్పలకొండ. తను పలుకుతున్న మాట తనకే విషంలా ఉంది. "మామూలు వేగం."

"ప్రయాణికులకు గమనిక. పడమటి గాలి బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది."

తెరమీది నలుపు అంచులనుంచి వెలవెలబోయింది. జెండా వాలిపోయింది. గాలి ఆగిపోయింది. హాల్లో నాలుగొందలమంది కిటికీల్లోంచి మెడలు సాచి ఆ గుడ్డముక్కనే చూస్తున్నారు. అది చాలాసేపు గుడ్డముక్కగానే ఉంది. తర్వాత కొస కదిలింది. ఒడ్డు వైపు.

చీకటి పడకముందే నలభై రెండు పడవలూ వచ్చేశాయి. చిట్టిగువ్వ అందరికన్నా ఆఖరున వచ్చింది. పైడితల్లి ఇసుకలో దిగి, తండ్రి చేతిమీది పంటిగాట్లు చూసి, "గాలితో దెబ్బలాడితే ఇలా కరుస్తుందా నాన్నా?" అంది. అని, ఆ చెయ్యి మాత్రం చాలాసేపు వదల్లేదు.

*

కమిటీ వేశారు. కమిటీ మూడు నెలలు కూర్చుంది.

ముక్తేశ్వరి యంత్రానికి తెలుగు మళ్ళీ మొదటినుంచి నేర్పాలంది. దానికి రెండేళ్ళు పడుతుందని, అన్నాళ్ళు నల్లపీట చుట్టి పెట్టాలని అంది. గాలి లేకుండా రెండేళ్ళా? పడవలకి ఇంజన్లు లేవు. పాత బోర్డు బిగిద్దామంటే, అద్దాలపెట్టెలో దాని వైర్లు ఎలకలు కొరికేశాయి. అప్పుడు కమిటీలో ఒక తెలివైన పెద్దమనిషి దారి చూపించాడు. యంత్రాన్ని మార్చాలంటే రెండేళ్ళు. మనుషులని మార్చాలంటే ఒక జీవో చాలు.

జీవో వచ్చింది. ఆ తేదీ నుంచి గాలులన్నిటినీ అవి పోయే దిక్కు పేరుతోనే పిలవాలి. సముద్రం మీంచి ఒడ్డుకొచ్చే గాలి పడమటి గాలి. ఒడ్డునుంచి సముద్రం మీదకి పోయేది తూర్పు గాలి. ఎవరూ గందరగోళపడకుండా, ఒడ్డునుంచి పడవలకి తుఫాను వేళ పంపే సందేశాల్లో నాలుగే మాటలు ఉంచారు. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం. నాలుగు బటన్లు. వేరే మాట పంపే వీల్లేదు.

బళ్ళో పిల్లలు వారంలో నేర్చేసుకున్నారు. పడవల కుర్రవాళ్ళు నెలలో. ముసలివాళ్ళు గాలి పేరెత్తడమే మానేసి చెయ్యి చూపించడం మొదలుపెట్టారు. "ఏ గాలి మావా?" అంటే నోరు తెరవకుండా చెయ్యి ఇలా ఊపుతారు. గంగరేవులో వేలెడంత పిల్లాడి నుంచి పండుముసలి దాకా అందరికీ ఆ చెయ్యే గాలి పేరు.

ఒక్క అప్పలకొండ మాత్రం లొంగలేదు. "మా అయ్య పెట్టిన పేరు. నా నోట ఆ కొత్త మాట రాదు," అన్నాడు. మైకు తీసేసుకున్నారు. యంత్రమే అతని కుర్ర గొంతుతో అన్నీ చెప్పేస్తోంది. అతను కిటికీ వెనక ఊరికే కూర్చుంటాడు.

పైడితల్లికి మాత్రం పండగే. రేవంతా చెప్పుకుని నవ్వేది. "గవర్నమెంటు మారినా, దిక్కులు మారినా మా నాన్న మారడు. అప్పలకొండ తూర్పంటే పాత తూర్పే. చచ్చినా కొత్త మాట అనడు. రాసి పెట్టుకోండి."

ఈ మాట ఆమె రేవులో అందరితోనూ అంది. తండ్రితో తప్ప.

*

కార్తీకమాసంలో ఏనుగు లేచింది.

ఎక్కడో దూరాన ఈక్వేటర్‌కి ఇటుపక్క, వేడెక్కిన సముద్రం మీద, ఎవరి ఆజ్ఞా లేకుండా ఒక గాలిగుండం పుట్టింది. నల్లపీట చిరిగిపోతుందని ముందురోజే చుట్టేశారు. దానితోపాటే టైంటేబుల్ గాలి ఆగిపోయింది. అందరినీ వెనక్కి రమ్మన్నారు. నలభై ఒక్క పడవలు తెడ్లు వేసుకుని ఎలాగో చేరాయి. చిట్టిగువ్వ చాలా లోపలికి పోయింది. గాలి చచ్చిపోయిన నీళ్ళమీద తెరచాప వేలాడేసుకుని రెండు పూటలు గడిపి, చివరికి తెడ్లతో పావురాల దిబ్బ దాకా వచ్చింది.

పావురాల దిబ్బ సముద్రం మధ్య ఒక రాతిగుట్ట. గాలి ఏ పక్కనుంచి కొడుతుందో దానికి రెండో పక్కన దాక్కుంటే ఎంత తుఫానైనా నెత్తిమీంచి పోతుంది. గాలి కొట్టే పక్కనే ఉంటే మాత్రం పడవ రాళ్ళకేసి పగులుతుంది. పైడితల్లి తాతయితే అల చూసి, మబ్బు వాసన చూసి చెప్పేసేవాడు. పైడితల్లి టైంటేబుల్ గాలిలో తండేలు పని నేర్చిన పిల్ల.

రేడియో టవరు మధ్యాహ్నమే పిడుగుపడి కూలిపోయింది. మిగిలింది ఉపగ్రహంతో మాట్లాడే చిన్న గాలిపెట్టె. అందులోనూ నలభై నిమిషాలకి ఒక్కసారి, రెండు నిమిషాలపాటు దారి దొరుకుతుంది. మామూలుగా యంత్రమే సందేశం పంపుతుంది. ఆ పిడుగుకే యంత్రానికీ పెట్టెకీ మధ్య తీగ కాలిపోయింది. హాల్లో బయటికి వినిపించే స్పీకర్లు తప్ప దానికేమీ మిగల్లేదు. చేత్తో పంపాలి. పెట్టె ముందు అప్పలకొండ ఒక్కడే ఉన్నాడు.

పెట్టె తెరమీద పడవనుంచి వచ్చిన ప్రశ్న వెలిగింది. "దిబ్బ దగ్గరున్నాం. ఏ గాలి?"

మేడమీంచి ముక్తేశ్వరి అరిచింది. "సముద్రం మీంచి, అప్పలకొండగారూ! తిన్నగా తూర్పు నుంచి! ఇరవై నిమిషాల్లో!"

సముద్రం మీంచి వచ్చే గాలి. అంటే పైడితల్లి దిబ్బకి పడమర పక్కన దాక్కోవాలి. అప్పలకొండ వేలు 'తూర్పు' బటన్ మీదకి దానంతటదే పోయింది. తండ్రి నేర్పిన మాట. ఏభై ఏళ్ళ మాట.

వేలు ఆగింది.

పిల్ల కొత్త మాటల్లో బతుకుతోంది. తూర్పని పంపితే తూర్పుకి పోయే గాలి అనుకుంటుంది. ఒడ్డునుంచి వస్తుందనుకుంటుంది. దిబ్బకి తప్పు పక్కన నిలబడుతుంది. 'నా మొండితనం నా దగ్గరే ఉండనీ,' అనుకున్నాడు. 'నా పట్టుదలకి నా బిడ్డెందుకు బలవ్వాల?'

జీవితంలో మొదటిసారి కొత్త మాట ఎంచుకున్నాడు. 'పడమర' నొక్కాడు.

పెట్టె బీప్‌మంది. సందేశం చేరినది. పంపినవారు: అప్పలకొండ.

పంపినవారి పేరు కూడా పోతుందని అతనికి అప్పటిదాకా తెలీదు. తెలిసినా పట్టించుకునేవాడు కాదేమో. బరువు దిగిపోయినట్టు కుర్చీలో వెనక్కి వాలాడు. తండ్రి మీద ప్రేమ కన్నా బిడ్డ మీద ప్రేమ గొప్పదని ఆ క్షణాన అతనికి అనిపించింది. చిన్న నవ్వు కూడా వచ్చింది.

రెండు నిమిషాల దారి మూసుకుపోవడానికి ఇంకో పది సెకన్లు ఉందనగా, జవాబు వెలిగింది.

"సరే నాన్నా. నీ మాట నాకు తెలీదా? నీ పాత లెక్కలోనే తీసుకున్నా. తూర్పు పక్కకి తిప్పేస్తున్నాం."

అప్పలకొండ మూడుసార్లు చదివాడు. నాలుగో బటనూ, మూడో బటనూ, అన్ని బటన్లూ నొక్కాడు. అరచేత్తో కొట్టాడు. పెట్టె నెమ్మదిగా, ఏ పగా లేకుండా జవాబు చెప్పింది. తదుపరి అవకాశం: 40 నిమిషాలు.

లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. చెయ్యి పైకెత్తి, రేవులో ముసలివాళ్ళు చూపించినట్టు, సముద్రం వైపు నుంచి తన గుండె వైపుకి ఊపాడు. ఇటు, తల్లీ. ఇటు. మళ్ళీ ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు. ముందు నీళ్ళు తప్ప ఏమీ లేవు. మేడమీది జెండా వేలాడుతోంది. కాసేపటికి దాని కొస కదిలింది.

ఖాళీ హాల్లో స్పీకర్లు గొంతు సవరించుకున్నాయి.

"ప్రయాణికులకు గమనిక," అంది అతని గొంతు, కుర్రదనంతో, ఉత్సాహంగా, ఒక్క అక్షరం తడబడకుండా. "పడమటి గాలి బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది."